థ్రెడ్డు సరిపోయింది, ఆయిల్ చాలలేదు: ట్రాక్టరు హైడ్రాలిక్ సక్షన్ ఫిల్టర్ల సమీక్ష

ఈ సమీక్ష రెండు ఫిల్టర్ల గురించి. రెండూ నా ట్రాక్టరులో హైడ్రాలిక్ పంపుకు ఆయిల్ వెళ్లే దారిలో, అంటే సక్షన్ వైపు బిగించేవే. రెండింటి థ్రెడ్డు ఒకటే, గాస్కెట్ కొలత ఒకటే, డబ్బా ఎత్తు కూడా ఇంచుమించు ఒకటే. మొదటిదాన్ని బిగించిన నాటి నుంచి వెనుక కట్టిన రోటవేటరును (నేలను గుల్ల చేసే పరికరాన్ని) లేపడానికి హైడ్రాలిక్ లిఫ్టు నానా అవస్థ పడింది. రెండోదాన్ని బిగించిన గంట లోపే పాత బలం తిరిగి వచ్చింది. మొదటి ఫిల్టరు తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు. ఆ వస్తువు పనితనం నాసిరకమైనదని నేను అనను. దాన్ని ఏ స్థానంలో వాడాలో చెప్పకుండా, ఇది అన్ని ట్రాక్టర్లకూ సరిపోతుందనీ, 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) సూక్ష్మ వడపోత ఇస్తుందనీ అట్ట మీద ముద్రించడమే నా అభ్యంతరం. ఆ మాటలు నమ్మి, మంచి పని చేస్తున్నాననుకుంటూ, నా చేతులతో నేనే ట్రాక్టరు గొంతు నొక్కాను.

సర్వీసు సమయంలో ఆయిల్, ఫిల్టరు మార్చిన మరునాటి ఉదయమే తేడా కనిపించింది. లివర్ పైకి లాగితే లిఫ్టు చేతులు వెంటనే కదలలేదు. కదిలినా కుదుపులతో, ఆగి ఆగి లేచాయి. అంతకు ముందు ఇంజను 2000 ఆర్‌పీఎం వద్ద ఉన్నప్పుడు రోటవేటరు దాదాపు రెండున్నర సెకన్లలో పూర్తిగా లేచేది. ఇప్పుడు ఏడు సెకన్లు పట్టింది. బాగా చల్లగా ఉన్న ఒక తెల్లవారుజామున సగం ఎత్తులోనే నిలిచిపోయింది. దానితో పాటు సీటు కింద నుంచి సన్నగా మొదలై, ఇంజను వేగం పెంచిన కొద్దీ కీచుగా మారే శబ్దం ఒకటి వినిపించసాగింది. డబ్బాలో గులకరాళ్లు పోసి కుదిపితే ఎలా ఉంటుందో, పూర్తి వేగం వద్ద ఆ శబ్దం అలా ఉండేది. నాగలి కట్టినప్పుడు డ్రాఫ్ట్ కంట్రోల్ కూడా మందగించింది. నేల గట్టిపడిన చోట నాగలిని రవ్వంత పైకి తీసి, మెత్తబడగానే తిరిగి దించడం ఆ వ్యవస్థ పని. ఆ చిన్న చిన్న సవరణలు క్షణాల్లో జరగాలి. పంపు నుంచి ఆయిల్ ఆలస్యంగా అందితే సవరణ కూడా ఆలస్యమవుతుంది, సాలు లోతు ఒక తీరున నిలవదు. లిఫ్టు బలహీనపడితే నష్టం బరువు లేపడంలో మాత్రమే ఉంటుందని అనుకునేవారు ఈ విషయాన్ని గమనించాలి.

చూసిన ఇద్దరు మెకానిక్కులూ పంపు అరిగిపోయిందనే తేల్చారు. కొత్త పంపు తెప్పించడానికి నేను కూడా సిద్ధపడ్డాను. అయితే ఒక్క విషయం మనసుకు ఎక్కలేదు. పంపు లోపలి భాగాలు అరిగితే ఆయిల్ వేడెక్కి పలచబడిన తర్వాత లోపలి సందుల గుండా ఎక్కువగా జారిపోతుంది కాబట్టి, ఉదయం బాగానే ఉన్న లిఫ్టు మధ్యాహ్నానికి నీరసించాలి. నా ట్రాక్టరులో దీనికి పూర్తిగా విరుద్ధంగా జరిగేది. ఉదయం చల్లటి ఆయిల్‌తో ఘోరంగా ఉండి, గంటసేపు పని చేశాక కొంత తేరుకునేది. ఇంకో వింత కూడా ఉంది. ఇంజను వేగం 1000 వద్ద ఉంచితే ఐదు సెకన్లలో లేచే రోటవేటరు, 2000కు పెంచితే ఏడు సెకన్లు తీసుకునేది. పంపు వేగంగా తిరిగితే ఎక్కువ ఆయిల్ రావాలి గదా. వేగం పెంచితే పని తగ్గిందంటే, పంపు అడిగినంత ఆయిల్ దానికి అందడం లేదని అర్థం. ఈ రెండు గుర్తులూ ఒకచోట కనిపించినప్పుడు పంపును విప్పే ముందు దానికి వచ్చే దారిని చూడాలి. ఈ సమీక్ష రాయడంలో నా ముఖ్యోద్దేశం ఇదే.

పంపు ఆయిల్‌ను లాగుతుందని మనం మాటవరసకు అంటాము కానీ, నిజానికి ద్రవాన్ని ఏదీ లాగలేదు. గేరు పంపు తిరిగినప్పుడు లోపలికి వచ్చే వైపున ఖాళీ ఏర్పడుతుంది. హౌసింగులో, అంటే ఆయిల్ నిల్వ ఉండే పెట్టెలో, ఆయిల్ మీద ఉన్న వాతావరణ పీడనం ఆ ఖాళీలోకి ఆయిల్‌ను తోస్తుంది. సముద్ర మట్టం వద్ద ఆ పీడనం 1.013 బార్ మాత్రమే. పంపుకు అవతల వైపు 150 నుంచి 200 బార్ వరకు తయారు చేసే వ్యవస్థకు, ఇవతల వైపు ఉన్న పెట్టుబడి మొత్తం ఆ ఒక్క బార్. అందులో కూడా చాలా గేరు పంపులు వాతావరణ పీడనం కన్నా 0.2, మహా అయితే 0.3 బార్ వరకే లోటును భరించగలవు. ఫిల్టరు, పైపు, వంపులు, బోల్టు రంధ్రాలు అన్నీ కలిసి ఆ కొద్దిపాటి మొత్తంలోనే సర్దుకోవాలి. లోటు అంతకు మించితే ఆయిల్‌లో కరిగి ఉన్న గాలి బుడగలుగా బయటపడుతుంది. మామూలు ఖనిజ తైలంలో ఘనపరిమాణం లెక్కన సుమారు 8 నుంచి 10 శాతం గాలి కరిగి ఉంటుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. ఆ బుడగలు పీడనం వైపుకు చేరగానే ఒక్కసారిగా నలిగిపోతాయి. గులకరాళ్ల శబ్దం అదే. నలిగే ప్రతి బుడగా పక్కనున్న లోహాన్ని సూదిమొన లాగా పొడుస్తుంది, కాలం గడిచే కొద్దీ పంపు లోపలి పలకల మీద గుంటలు పడతాయి. ఆయిల్ బదులు బుడగలు నిండిన నురగను సిలిండరుకు పంపితే ఆ నురగ స్ప్రింగులాగా కుదించుకుపోతుంది గనుక లిఫ్టు కుదుపులతో లేస్తుంది, బరువు ఎక్కువైతే లేవనే లేవదు.

అనుమానాన్ని కొలతతో తేల్చుకోవాలనిపించింది. ఫిల్టరుకూ పంపుకూ మధ్య ఉన్న పైపులో ఒక టీ జాయింటు పెట్టి వాక్యూమ్ గేజ్ బిగించాను. చల్లటి ఆయిల్‌తో 1000 ఆర్‌పీఎం వద్ద ముల్లు 0.25 బార్ లోటు చూపింది. 2000 వద్ద 0.5 బార్‌కు చేరింది. అరగంట పని చేసి ఆయిల్ వేడెక్కిన తర్వాత 2000 వద్ద 0.3 దగ్గర నిలిచింది. పంపు బలాన్ని కూడా విడిగా చూశాను. ట్రాక్టరు వెనుక ఉన్న ఆయిల్ అవుట్‌లెట్‌కు ప్రెజర్ గేజ్ తగిలించి, ఆయిల్ వేడిగా ఉండగా, ఇంజను వేగం తక్కువలో ఉంచి లివర్ పట్టుకుంటే 178 బార్ వచ్చింది. పీడనం మితిమీరకుండా ఆపే రిలీఫ్ వాల్వుకు పుస్తకంలో ఇచ్చిన అంకె 180. పంపు అరిగిపోయి ఉంటే అంత పీడనం వచ్చేది కాదు. అదే గేజ్ చల్లటి ఆయిల్‌తో, పూర్తి వేగంలో 120కీ 150కీ మధ్య వణుకుతూ ఊగింది. పంపు తప్పు లేదని ఆ నిమిషంలో నాకు నమ్మకం కుదిరింది.

ఫిల్టరు మార్చి అప్పటికి 60 గంటల పని కూడా కాలేదు, అందువల్ల మురికితో మూసుకుపోయి ఉంటుందని అనుకోవడానికి వీలు లేదు. విప్పి, డబ్బాను చుట్టూ కోసి చూస్తే లోపలి కాగితం మడతలు దాదాపు శుభ్రంగానే ఉన్నాయి. అయితే మడతలన్నీ లోపలి గొట్టం వైపు పీల్చుకుపోయి, ఒకదానికొకటి అతుక్కున్నట్టు కనిపించాయి. ఇక్కడే ఈ వస్తువు గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే బయటి నుంచి చూసేవారికి ఇందులో ఏదీ కనబడదు.

మొదటిది, వడపోసే పదార్థం. 10 మైక్రాన్ల కాగితం అనేది పంపు తర్వాత, అంటే ఆయిల్ వెనక్కు తిరిగి వచ్చే రిటర్న్ దారిలోనో, పీడనం ఉన్న దారిలోనో వాడాల్సిన సరుకు. అక్కడ పంపు తోస్తూ ఉంటుంది కాబట్టి ఒక బార్ నష్టమైనా లెక్కలోకి రాదు. సక్షన్ వైపు సాధారణంగా వాడేది లోహపు జాలీ; దాని రంధ్రం 75 నుంచి 150 మైక్రాన్ల వరకు ఉంటుంది. కాగితం గుండా ఆయిల్ వెళ్లేటప్పుడు కలిగే పీడన నష్టం ఆయిల్ చిక్కదనానికి అనులోమంగా పెరుగుతుంది. 46 గ్రేడు హైడ్రాలిక్ ఆయిల్ చిక్కదనం 40 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 46 సెంటీస్టోకులు. 10 డిగ్రీల వద్ద అదే ఆయిల్ నాలుగైదు రెట్లు చిక్కబడుతుంది. ఉదయం లేవని లిఫ్టు మధ్యాహ్నం లేవడంలోని రహస్యం ఇదే. పైగా చాలా ట్రాక్టర్లలో గేరుబాక్సుకూ హైడ్రాలిక్కుకూ ఒకే ఆయిల్ వాడతారు, ఆ పెద్ద హౌసింగులో చెమ్మ చేరడం మామూలే. సాధారణ కాగితం నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, ఉన్న కాస్త దారీ ఇరుకవుతుంది. లోహపు జాలీకి ఆ బెడద లేదు.

రెండోది, అడుగు పళ్లెంలోని రంధ్రాలు. దీన్ని ఎవరైనా కొనే ముందే కొలతబద్దతో చూసుకోవచ్చు. మొదటి ఫిల్టరుకు 5 మిల్లీమీటర్ల వ్యాసం గల రంధ్రాలు ఆరు ఉన్నాయి. వాటి మొత్తం వైశాల్యం సుమారు 118 చదరపు మిల్లీమీటర్లు. పంపుకు వెళ్లే పైపు లోపలి వ్యాసం 19 మిల్లీమీటర్లు, అంటే సుమారు 283 చదరపు మిల్లీమీటర్లు. పైపుకు సగం కూడా లేని ద్వారం గుండా ఆయిల్ రావాలన్నమాట. నా పంపు ఒక చుట్టుకు 12 ఘన సెంటీమీటర్ల ఆయిల్ తీసుకుంటుంది. 2000 చుట్లకు నిమిషానికి 24 లీటర్లు. పంపు వేగం రెట్టింపైతే ఇలాంటి ఇరుకు రంధ్రాల వద్ద నష్టం రెట్టింపుతో ఆగక, దాదాపు నాలుగింతలవుతుంది.

మూడోది నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించింది. ఈ ఫిల్టరులో బైపాస్ వాల్వు ఉంది. ఫిల్టరు మూసుకుపోతే పంపు ఎండిపోకుండా, వడపోయని ఆయిల్‌నైనా పంపడం కోసమే ఆ వాల్వు. కానీ ఇందులోని వాల్వు 1.7 బార్ తేడా వచ్చినప్పుడు తెరుచుకునేలా అమర్చి ఉంది. ఆ అంకె డబ్బా మీదే ఉంది. సక్షన్ వైపు సంపూర్ణ శూన్యం ఏర్పడినా తేడా ఒక బార్ దగ్గరే ఆగిపోతుంది. అంటే ఆ స్థానంలో ఈ వాల్వు ఎప్పటికీ, ఏ పరిస్థితిలోనూ తెరుచుకోదు. ఉందన్న ధైర్యం ఇచ్చి, అవసరానికి లేని రక్షణ అది. సక్షన్ ఫిల్టరుకు బైపాస్ ఉంటే అది 0.2 బార్ ప్రాంతంలో తెరుచుకోవాలి. ఇవి చాలవన్నట్టు ఇంజను ఆయిల్ ఫిల్టర్లలో ఉండేలాంటి రబ్బరు పొర ఒకటి, ఆయిల్ వెనక్కు జారకుండా ఆపేది, రంధ్రాల వెనుక బిగుతుగా కూర్చుని ఉంది. పీడనం ఉన్న చోట దాన్ని తోసుకుని వెళ్లడం ఆయిల్‌కు లెక్కే కాదు, ఇక్కడ మాత్రం అదీ ఒక అడ్డంకే.

రెండో ఫిల్టరును ట్రాక్టరు విడిభాగాల పట్టికలో ఉన్న నంబరు ప్రకారం తెప్పించాను. లోపల మడతలు పెట్టిన 125 మైక్రాన్ల స్టీలు జాలీ, 0.2 బార్ వద్ద తెరుచుకునే బైపాస్, అడుగున ఇనుప రజను పట్టుకోవడానికి ఒక అయస్కాంతం ఉన్నాయి. అడుగు పళ్లెంలో 8 మిల్లీమీటర్ల రంధ్రాలు ఎనిమిది. మొత్తం సుమారు 402 చదరపు మిల్లీమీటర్లు, అంటే పైపు కన్నా విశాలం. రబ్బరు పొర లేదు. పనితీరు గురించి చెప్పాలంటే, చల్లటి ఆయిల్‌తో 2000 ఆర్‌పీఎం వద్ద గేజ్ 0.14 బార్ చూపింది, వేడెక్కాక 0.06కు దిగింది. రోటవేటరు మళ్లీ రెండున్నర సెకన్లలో లేస్తోంది. ఇంజను వేగం పెంచితే లిఫ్టు వేగం కూడా పెరుగుతోంది. కుదుపు పోయింది. వాడి చూసినవారిగా నేను దీన్ని నిస్సంకోచంగా సిఫార్సు చేస్తాను.

దీని పరిమితులు కూడా చెప్పాలి. 125 మైక్రాన్ల జాలీ అంటే అంతకన్నా చిన్న రజను అంతా పంపులోకి వెళుతుందని అర్థం. గేరు పంపు లోపలి సందులు కొన్ని మైక్రాన్లే కాబట్టి, సన్నటి రజనే దాన్ని ఎక్కువగా అరగదీస్తుంది. సూక్ష్మ వడపోత కావాలనుకోవడంలో తప్పు లేదు, దాన్ని పెట్టే చోటులోనే తప్పు ఉంది. ట్రాక్టరుకు రిటర్న్ దారిలోనో పీడనం వైపో వేరే ఫిల్టరు ఉంటే మంచి కాగితం లేదా గ్లాస్ ఫైబర్ ఫిల్టరును అక్కడ వాడుకోవాలి. అలాంటిదేదీ లేని పాత నమూనాలలో అయస్కాంతాన్ని శుభ్రం చేయడం, పుస్తకంలో చెప్పిన గంటలకు ఆయిల్ మార్చడం తప్ప వేరే దారి లేదు. కడిగి మళ్లీ వాడుకునే జాలీ అయితే కడిగేటప్పుడు గుడ్డతో తుడవకూడదు. గుడ్డ పోగులు మడతల్లో చిక్కుకుంటాయి. ఈ ఫిల్టరు డబ్బా కాస్త పలచటి రేకు, బిగించే పట్టా ఎక్కువగా నొక్కితే సొట్ట పడుతుంది. గాస్కెట్ నాణ్యత మాత్రం చాలా బాగుంది.

ఒకవేళ ఫిల్టరు మీద మీకు కూడా అనుమానం వస్తే, ముందు తేలికైనవి చూసుకోండి. డిప్‌స్టిక్‌తో ఆయిల్ మట్టం చూడాలి. మట్టం తక్కువైతే పంపు గాలినే పీలుస్తుంది, లక్షణాలన్నీ అచ్చం ఇలాగే ఉంటాయి. ఆయిల్ పాలలాగా తెల్లబడి, ఒక గాజు సీసాలో పోసి ఉంచితే కొద్దిసేపట్లో తేరుకుంటే సక్షన్ పైపు జాయింటులోనో ఓ-రింగులోనో గాలి దూరుతున్నట్టు. ఎంతసేపైనా తేరుకోకపోతే నీళ్లు కలిసినట్టు. రోటవేటరును లేపి ఇంజను ఆపినప్పుడు దానంతట అది దిగిపోతూ ఉంటే సిలిండరు సీలో, వాల్వో కారుతోంది, దానికి ఫిల్టరుతో సంబంధం లేదు. ఆయిల్ వేడెక్కిన కొద్దీ నీరసం పెరుగుతుంటే పంపునే అనుమానించాలి. అలాంటి ట్రాక్టరుకు నేను మెచ్చుకున్న ఈ ఫిల్టరు ఏ మేలూ చేయదు.

బిగించడం కష్టమేమీ కాదు, అయినా నేను మొదటిసారి చేసిన ఒక పొరపాటు రాస్తాను. అప్పుడు ఖాళీ డబ్బానే బిగించి, ఇంజను స్టార్ట్ చేసి, వెంటనే వేగం పెంచాను; పంపు కొన్ని క్షణాలు ఆయిల్ లేకుండా తిరిగింది. ఈసారి వెనుక పరికరాన్ని నేల మీదికి దించి, ఇంజను ఆపి, లివర్‌ను అటూ ఇటూ కదిలించి మిగిలిన పీడనం పోగొట్టాను. కొత్త డబ్బా నిండా శుభ్రమైన ఆయిల్ పోసి, గాస్కెట్‌కు ఆయిల్ రాసి, అది అంటుకున్నాక చేత్తో మరో ముప్పావు చుట్టు మాత్రమే తిప్పాను. ఇంజనును తక్కువ వేగంలో మూడు నిమిషాలు ఉంచి, లిఫ్టును బరువు లేకుండా పది పన్నెండు సార్లు నెమ్మదిగా ఎత్తి దించాక గాలి బయటికి పోయింది. పైకెత్తిన పరికరం కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరవద్దు. హైడ్రాలిక్ సరిగా లేదని తెలిసిన ట్రాక్టరు దగ్గర ఇది మరీ ముఖ్యం.

ఫిల్టరు కొనేటప్పుడు అమ్మేవారిని థ్రెడ్డు కొలత ఒక్కటే అడిగితే చాలదు. ఇది సక్షన్‌కా, రిటర్న్‌కా అని అడగాలి. బైపాస్ ఎంత వద్ద తెరుచుకుంటుందో చూడాలి. నిమిషానికి ఎన్ని లీటర్ల వద్ద ఎంత పీడన నష్టం అనే గ్రాఫు తయారీదారు ఇచ్చి ఉంటే, దాన్ని ఏ చిక్కదనం వద్ద గీశారో కూడా గమనించాలి. ఆ పరీక్ష పద్ధతికి ఐ.ఎస్.ఓ. 3968 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. వడపోత సామర్థ్యాన్ని కొలిచే ఐ.ఎస్.ఓ. 16889 అంకెలను అట్టల మీద గొప్పగా ముద్రిస్తారు గానీ, సక్షన్ ఫిల్టరు కొనేవారికి ముందుగా కావలసింది మొదటి ప్రమాణం చెప్పే అంకె.

కొత్త ఫిల్టరుతో ఇప్పటికి 40 గంటల పని జరిగింది. పూర్తి వేగంలో, ఆయిల్ బాగా చల్లగా ఉన్నప్పుడు పంపు దగ్గర చెవి పెడితే సన్నటి శబ్దం ఒకటి ఇంకా వినిపిస్తోంది. ఆ 60 గంటల్లో పలకల మీద కొన్ని గుంటలు పడే ఉంటాయని నా అంచనా. వాక్యూమ్ గేజ్‌ను తీసేయకుండా అలాగే ఉంచాను; లోటు 0.2 దాటిన రోజున జాలీని విప్పి చూస్తాను, వచ్చే ఆయిల్ మార్పు నాటికి పంపు మూత కూడా తీసి పలకలను పరిశీలిస్తాను.